నీళ్ళు తాకని తొలి మూర

మొన్న ఒక పొద్దున మా అన్న తెచ్చి నా ముక్కు కింద పెట్టిన గాజు గిన్నె చాలా చిన్నది, సగం టీ గ్లాసంత ఉంటుంది. దాంట్లోంచి వచ్చిన వాసనకు మాత్రం నేను అరవై దాటిన మనిషినని, తిరువళ్ళూరులో మా ఇళ్ళ వెనక రేకుల షెడ్డులో నడుం నొప్పితో ముక్కాలిపీట మీద కూర్చున్నానని, ఆ పూటకు ఇంకా పొయ్యి కూడా ముట్టించలేదని, అన్నీ మరిచిపోయాను. పైపైన డీజిలు వాసన. దాని అడుగున, డీజిలు ఎంత ఘాటుగా ఉన్నా కప్పెట్టలేకపోయిన ఇంకో వాసన, పులిసి ఎండిన గంజి వాసన, తిరుత్తణిలో మా వీధికి తెల్లవారిందని చెప్పే వాసన.

"ఏందిది చెప్పు," అన్నాడు అన్న.

"నువ్వు గదా మెకానిక్కువి. నన్నెందుకు అడగతావు?"

ఆ మాట విసుగుతోనే అన్నాను, దాచుకోను. మా అన్న ఉద్యోగం చేసినన్నాళ్ళూ సైకిలు చైను ఊడితే వీధి చివరి అంగడిదాకా నెట్టుకుపోయిన మనిషి. రిటైరైన మరుసటి నెల తిరుత్తణి పాత ఇంటి పెరట్లో నలభై ఏళ్ళకు పైగా తుప్పు పట్టి పడి ఉన్న మా నాయన లారీని ఇంకో పెద్ద బండి మీదికెక్కించి ఇక్కడికి తెచ్చి దింపాడు. ఇంజను ముందుకు పొడుచుకొచ్చి ముక్కులా ఉంటుంది కాబట్టి దాన్ని అందరూ ముక్కు లారీ అనేవాళ్ళు. దాన్ని మళ్ళీ నడిపిస్తానని ఆయన ముచ్చట. మా ఇద్దరి ఇళ్ళూ పక్కపక్కనే, వెనక షెడ్డు ఒక్కటే కాబట్టి ఆ ముచ్చట నా నెత్తి మీద కూడా పడింది. గాలి జల్లెడలో ఎలుకలు కాపురం పెట్టి పిల్లల్ని కూడా కన్నాయి. క్లచ్చు పలకలు ఒకదానికొకటి అంటుకుపోయి సమ్మెట దెబ్బలకు గాని విడలేదు. బ్రేకు గొట్టాలు పట్టుకుంటే పిండి పిండిగా రాలాయి. చెక్క బాడీని చెదలు తినగా రంగు మాత్రం మిగిలింది. ప్రతి రోజూ అన్న ఫోనులో ఏదో వీడియో చూసి కొత్త జ్ఞానంతో వచ్చేవాడు, మధ్యాహ్నానికి ఆ జ్ఞానం నల్లటి చేతులతో నా వంటింట్లోకి సబ్బు కోసం వచ్చేది.

అన్నీ మార్చాడు. నాజిళ్ళు బాగు చేయించాడు, డీజిలు పంపును మద్రాసుకు తీసుకుపోయి సరి చేయించాడు, రబ్బరు గొట్టాలన్నీ కొత్తవి వేశాడు. ట్యాంకు ఒక్కటి మాత్రం మార్చనంటే మార్చనన్నాడు. "నాయన చేత్తో డీజిలు పోసిన ట్యాంకు, అది అట్లే ఉండాల," అని దాన్ని డీజిలుతోనే నాలుగుసార్లు కడిగి మళ్ళీ బిగించాడు. చివరికి ఒక రోజు ఆ ఇంజను దగ్గి, ఉమ్మి, తెల్లటి పొగతో నేను ఆరేసిన బట్టలన్నిటినీ ముంచి, మొత్తానికి పలికింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది పొగకే అనుకోండి. తీరా రోడ్డెక్కిస్తే నాలుగు కిలోమీటర్లు పోయి నిలబడిపోయింది. కాసేపు ఊరుకుంటే మళ్ళీ స్టార్టయింది. ఇంకో కిలోమీటరు పోయి మళ్ళీ నిలబడింది. మూడు వారాలు ఇదే తంతు.

మాకు ఆ తంతు కొత్త కాదు. మా చిన్నప్పుడు కూడా ఆ లారీ సరిగ్గా ఇలాగే నిలబడేది. దానికి మా ఇంట్లో ఒకే ఒక్క కారణం చెప్పుకునేవాళ్ళు: బాగు చేసే ఏళుమలై మేస్త్రీ చెయ్యి పడి బండి పాడైంది. నాయన పోయేదాకా ఆ మాటే అన్నాడు. ఆ పొద్దున అన్న కూడా, ఇంజనుకు పోయే డీజిల్లోని మడ్డి చేరే ఆ గాజు గిన్నెను వెలుతురులో తిప్పి చూస్తూ, "ఇన్నేండ్లైనా ఆ ఏళుమలై చేసిన పని వదల్లేదు చూడు," అన్నాడు. నేను మాత్రం గిన్నె అడుగున పట్టిన తెల్లటి పొరనే చూస్తూ కూర్చున్నాను. ఎందుకు మాట్లాడలేదో చెప్పాలంటే మా వీధి దగ్గర మొదలుపెట్టాలి.

మా వీధిలో అన్నీ నేతగాళ్ళ ఇళ్ళే, ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఎండాకాలమైతే చీకటి విడకముందే వీధి పొడవునా పడుగు దారాలు సాచి, రెండు కొసలా గుంజలకు లాగి కట్టి, రాత్రే కాచి పెట్టుకున్న బియ్యం గంజిని కుంచెలతో దువ్వి పట్టించేవాళ్ళు. ఎండ ముదిరేలోగా పని కావాలి, అందుకే ఆ గంటలో పెద్దవాళ్ళకు ఎవరు అడ్డొచ్చినా కోపమే. కోళ్ళు ఆ దారాల కింద దూరి గంజి చుక్కలు పొడుచుకు తినేవి, మేము వాటిని తోలే నెపంతో ఇటు దూరి అటు లేచి తిట్లు తినేవాళ్ళం. వానాకాలం వస్తే పడుగు ఆరక గంజి పులిసి ఇల్లంతా ముక్కిన వాసన, గుంట మగ్గాల్లోకి నీళ్ళు ఊరి, కాళ్ళు నాని, అందరి మాటా కరుకుగా ఉండేది. ఆడి నెలలో మా అమ్మ రాగి కూళు కాచి, చిన్న ఉల్లిపాయలు, మజ్జిగ మిరపకాయలు పక్కన పెట్టి ఇస్తే, ఒక చేత్తో గిన్నె పట్టుకుని ఇంకో చేత్తో కండెలు చుడుతూ తాగేవాళ్ళం. ఇల్లంతా ఆడుతున్న మగ్గాల చప్పుడు మాకు వినపడేదే కాదు. ఆగితే తెలిసేది.

మా ఇంటికి నాలుగు మగ్గాలు, వాటన్నిటికీ అధికారి మా అవ్వ, నాయనను కన్నతల్లి. పళ్ళు లేవు, గొంతు మాత్రం మగ్గం చప్పుడు మీద నుంచి వీధి చివరికి వినపడేది. ఆమెకో నియమం ఉండేది. తన మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించి నేత మొదలుపెట్టాక మొదటి మూరను కోసి, కొసలకు పసుపు పూసి, ఇత్తడి డబ్బాలో దాచేది. అది అమ్మే బట్ట కాదు, కొండ మీద సామిది. దానికి నీళ్ళు తాకకూడదు. ఉతికితే అది అందరూ కట్టుకునే గుడ్డ అయిపోతుందట. మగ్గం మీంచి దిగినట్టే గంజితో గరగరలాడుతూ ఉండాలి, దాన్నే తొలి మూర అనేది. అమావాస్య పోయి మంచి రోజు చూసి కొత్త పడుగు ఎక్కించేది కాబట్టి నెలకొక తొలి మూర డబ్బాలో చేరేది.

లారీ మా ఇంటికొచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అప్పటికే అది పాతది, ముగ్గురు యజమానుల్ని చూసింది. లుంగీల మూటలు మద్రాసుకు చేరవేసి నూలు తెచ్చుకోవడానికి నాయన దాన్ని కొంటే, అవ్వ మాత్రం హారతిచ్చి, చుట్టూ మూడుసార్లు తిరిగి, "ఇది మనకు అయిదో మగ్గం," అని తీర్పు చెప్పింది. మగ్గానికి జరిగే మర్యాదలన్నీ దీనికీ జరగాలంది. ఆ రోజుల్లో నాయన డీజిలు పీపాలో తెచ్చి పెరట్లో పెట్టుకునేవాడు. ట్యాంకులోకి పోసేటప్పుడు నలుసులు పడకుండా గరాటుకు గుడ్డ కట్టి వడగట్టాలి కదా, ఆ గుడ్డ తొలి మూరే కావాలని అవ్వ హుకుం. నెలనెలా కొత్త తొలి మూర వస్తుంది, అది గరాటుకెక్కుతుంది, పాతది పొయ్యి ముట్టించడానికి పోతుంది. గరాటుకు గుడ్డ కట్టే పని నాది. అన్న అప్పటికే తిరువళ్ళూరు హాస్టల్లో చదువుకుంటున్నాడు, సెలవులకు తప్ప రాడు. నేను ముందు చక్రం మడ్డిగార్డు మీద నిలబడి, పసుపు కొస పైకి వచ్చేలా గుడ్డను బిగించి, మూడు చుట్లు దారం వేసి, మా నేతగాళ్ళ ముడి వేసేదాన్ని. నాయన పీపాలోంచి పోస్తుంటే డీజిలు ఆ తెల్ల గుడ్డ మీద పడి తేనె రంగుతో దిగేది. నాకంత గర్వం ఇంకే పనిలోనూ ఉండేది కాదు.

మిగతా పొద్దంతా ఆ లారీ మా పిల్లల రాజ్యం. దాని నీడలో గచ్చకాయలు, దాని వెనక తలుపు మీద బడి ఆట, స్టీరింగు వెనక కూర్చుని నోటితో హారను కొట్టుకుంటూ మద్రాసు పోయి రావడం. అది ఎప్పుడు కదులుతుందో మాకు తెలిసేది, ఎందుకంటే అంతకు ముందే ఏళుమలై మేస్త్రీ వచ్చేవాడు.

ఏళుమలైకి అప్పుడు ముప్పై ఉంటాయేమో. కొండ కింద వాలు రోడ్డు మొదట్లో ఆయన చిన్న షెడ్డు, దాని ఎదురుగా మునుసామి టీ అంగడి. తమిళుడే గాని మా వీధికి వస్తే మా తెలుగులోనే మాట్లాడేవాడు. చేతిలో ఎప్పుడూ ఒక కర్ర, మా అవ్వ మగ్గంలో విరిగిపోయినదే, అడిగి తీసుకున్నాడు. దాని ఒక కొస ఇంజను మీద ఆనించి రెండో కొస చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. ఒక్కోసారి ఆ కర్రను నా చెవికి కూడా పెట్టేవాడు. మొదట అంతా ఒకటే రొద, పోగా పోగా అందులో ఆరు సిలిండర్ల ఆరు మాటలు విడివిడిగా వినపడేవి. "నాలుగోది గొణగతా ఉండాది, విన్నావా పాప్పా?" అనేవాడు. నిజంగానే నాలుగోది గొణిగేది.

అంత చెవి ఉన్న మనిషికి కూడా ఆ లారీ జబ్బు అంతుపట్టలేదు. మూడు వారాలు ముత్యంలా తిరిగేది. నాలుగో వారం, బరువు మీద ఉండి ఏ ఎత్తు ఎక్కుతున్నప్పుడో ఊపిరి అందనట్టు గుటకలు మింగి ఆగిపోయేది. చేతి పంపు కొట్టి, గొట్టాల్లో గాలి తీస్తే కాస్త దూరం పోయేది, మళ్ళీ ఆగేది. గొట్టాలు మార్చారు, వాషర్లు మార్చారు, ఫిల్టరు మార్చారు. వీధిలో ప్రతి మనిషికీ ఒక మందు తెలుసు. పొరుగింటాయన డీజిల్లో కిరసనాయిలు కలపమన్నాడు, టైలరు బండిని పక్కకు వంచి నిలబెట్టమన్నాడు, లారీ వంక ఒక్కసారైనా చూడని మా మేనత్త దిష్టి అంది. చివరికి నాయనే కనిపెట్టాడు, అమావాస్య దాటిన వారంలోనే బండి ఆగుతోందని. ఇక చూడండి, ప్రతి అమావాస్యకూ బూడిద గుమ్మడికాయ పగలగొట్టడం, నిమ్మకాయలు తొక్కించడం, ముక్కు మీద మిరపకాయల దండ. అయినా ఆగేది. అమావాస్య పోయాక మా ఇంట్లో ఇంకేం మారుతోందో ఒక్కరమూ ఆలోచించలేదు.

ఒక్కరమూ అన్నది తప్పు. ఏళుమలై ఆలోచించాడు. ఒక రోజు ఇదే గాజు గిన్నె విప్పి, అడుగున ఉన్న తెల్లటి జిగురును రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి, గరాటు పట్టుకుని నిలబడిన నా వైపు చూశాడు.

"పాప్పా, ఈ గుడ్డను ఒకసారి బాగా ఉతికి, ఎండలో ఆరేసి కట్టు. మీ అవ్వకు చెప్పు."

చెప్పాను. అవ్వ వక్కాకు దంచడం ఆపింది. "నీళ్ళు తాకినాక అది తొలి మూర ఎట్లవుతాదే? నోరు మూసుకోని పోయి కండెలు చుట్టు." నేను నోరు మూసుకుని పోయి కండెలు చుట్టాను. నాయనకు చెప్పలేదు, మేస్త్రీకీ చెప్పలేదు.

పది రోజులకు ఆడి కృత్తిక వచ్చింది. ఆ పండగకు కొండ కింద అన్నదానం చేయడం మా వీధివాళ్ళ వంతు. ఆ ఏడు తొలిసారి సామానంతా మా లారీలో పోతుందని నాయన నెల ముందు నుంచే అందరికీ చెప్పుకున్నాడు. బియ్యం బస్తాలు, గుమ్మడికాయలు, అండాలు, కుండల నిండా పెరుగు, తెల్లారక ముందే వండిన చక్కెర పొంగలి గంగాళాలు. బండికి రెండు వైపులా అరటి చెట్లు. అమావాస్యకు ఇంకా రోజులున్నాయి కాబట్టి భయం లేదనుకున్నాడు. అవ్వ మాత్రం పండగ పూట పాత గుడ్డేమిటని, సామి కోసం దాచిన డబ్బాలోంచి గరగరలాడే తొలి మూర ఒకటి తీసి నా చేతికిచ్చింది. నేను పసుపు కొస పైకి పెట్టి కట్టాను. ట్యాంకు నిండా పోశాం.

వాలు రోడ్డు కాస్త ఎక్కగానే బండి గుటకలు మింగింది. ఆగిపోయింది. వెనకాల కావళ్ళు మోసే జనం, ముందు కావళ్ళు మోసే జనం, వేపాకు, విభూతి, డప్పులు, ఎర్రటి ఎండ. మా లారీ మధ్యలో అడ్డం. ఏళుమలై షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చి, గాలి తీసి స్టార్టు చేశాడు. పది గజాలు పోయి ఆగింది. మళ్ళీ తీశాడు. మళ్ళీ ఆగింది. మూడోసారి బండి వెనక్కి జారి మునుసామి టీ అంగడి ముందుకొచ్చి నిలిచింది, ఒక గంగాళం ఒరిగి పొంగలి రోడ్డు మీద పడింది. జనం దాన్ని తొక్కకుండా పక్కకు తప్పుకుంటూ పోతుంటే నాయన ముఖం చూడలేకపోయాను.

"ఈ పొద్దు అమావాస్య గూడా కాదు గదరా!" అని అరిచాడు నాయన. "అయితే ఇంకేం మిగిలింది? నీ చెయ్యే మిగిలింది. నువ్వే కావాలని పాడు చేస్తా ఉండావు!"

ఏళుమలై డీజిలు చేతులు లుంగీకి తుడుచుకుని నెమ్మదిగా అన్నాడు, "అన్నా, నా మాట విను. ఆ వడగట్టే గుడ్డ మీద నాకు అనుమానం."

"మా అమ్మ సామికి తీసిన గుడ్డలో తప్పుండాదంటావా?"

"తప్పని అనలేదన్నా. ఉతికి కట్టమంటి. పాప్పతో పది దినాలు ముందే చెప్పినా. అడుగు." నా వైపు తిరిగాడు. "పాప్పా, చెప్పినా గదా?"

అందరూ నన్ను చూశారు. నాయన, మునుసామి, బెంచీ మీద టీ తాగుతున్నవాళ్ళు, కావళ్ళ వాళ్ళు కూడా. నా చేతిలో గరాటు ఇంకా ఉంది. అవును అంటే అవ్వ మీద చెప్పినట్టు, ఇన్నాళ్ళూ దాచినందుకు నా వీపు విమానం మోత. ఇంకో సంగతి కూడా రాయాలి, ఈ వయసులో సిగ్గెందుకు. తిట్లు ఒకసారైనా వేరేవాళ్ళ మీద పడుతున్నాయని లోపల ఏ మూలో హాయిగా ఉంది.

"నాకు తెలీదు," అన్నాను.

నాయన ఆ రోడ్డు మీద, అంత జనంలో, ఏళుమలైని అనరాని మాటలన్నాడు. ఇంకోసారి నా బండిని ముట్టద్దన్నాడు. ఏళుమలై పానాలూ సుత్తీ మూటగట్టుకుని షెడ్డులోకి పోయాడు. వినే కర్రను మా బండి సామాన్ల పెట్టెలోనే మరిచిపోయాడు.

తర్వాత అరక్కోణం నుంచి ఒకడు, చిత్తూరు నుంచి ఒకడు, మేస్త్రీలు వచ్చారు. ప్రతివాడూ మూత విప్పగానే చెప్పేది ఒకటే, "మొదటి చెయ్యి పాడు చేసింది సార్." ముందు చేసినవాణ్ణి తిట్టకుండా స్పానరు పట్టుకున్న మేస్త్రీని నేనింతవరకు చూడలేదు. ఆ మాట ఊరంతా పాకింది. గరాటుకు తొలి మూర మారుతూనే ఉంది, బండి ఆగుతూనే ఉంది, నింద మాత్రం ఏళుమలై మీదే పెరిగింది. లారీలవాళ్ళు ఆయన దగ్గర బండి ఆపడం మానేశారు. ఏడాది తిరిగేసరికి షెడ్డు మూసి రైసు మిల్లులో బెల్టులు బిగించే పనికి కుదిరాడు. నాయన కూడా విసిగిపోయి లారీని పెరట్లో నిలిపి, మూటలు రైల్లో వేసుకుని పోవడం మొదలుపెట్టాడు. నేను బడికి పోతూ ఆ మిల్లు ముందు నుంచి నడవకుండా సందులో తిరిగి పోయేదాన్ని.

పెద్దయ్యాక అదంతా చిన్నపిల్ల చేష్ట అని సర్ది చెప్పుకున్నాను. గుడ్డకూ బండికీ సంబంధమేముందిలే అనుకున్నాను. అలా అనుకున్న మనిషి ఏం ఉద్యోగం చేసిందో తెలుసా? సైన్సు టీచరు. ముప్పై ఏళ్ళు ఎనిమిదో తరగతి పిల్లలకు గంజి మీద అయోడిన్ చుక్క వేసి, నీలిగా మారడం చూపించి, చప్పట్లు కొట్టించుకున్నాను. నా మీద నాకొచ్చిన కోపం ఇంకెవరి మీదా ఎప్పుడూ రాలేదు.

ఆ పొద్దున గాజు గిన్నె పక్కన పెట్టి లోపలికి పోయి, గాయాలకు పూసే అయోడిన్ సీసా తెచ్చాను. గిన్నె అడుగున ఉన్న తెల్లటి పొరను గోటితో గీకి, పింగాణీ సాసరులో నీళ్ళతో తడిపి, ఒక్క చుక్క వేశాను. కాటుకంత నల్లనీలం.

"ఏంది?" అన్నాడు అన్న.

"గంజి. మన గంజే." అవ్వ తొలి మూర నుంచి నా "నాకు తెలీదు" దాకా అంతా చెప్పాను. గుడ్డలోని గంజి పొడి నెలనెలా డీజిలుతో ట్యాంకులోకి దిగింది. అడుగున చేరిన తేమకు ఉబ్బి, జిగురై, బండి బరువు లాగినప్పుడల్లా గాజు గిన్నె పైనుండే సన్న జల్లెడకు అతుక్కుని డీజిలు అందకుండా చేసేది. ఇంజను ఆగితే ఊడి పడేది, అందుకే మళ్ళీ స్టార్టయ్యేది. గుడ్డ పాతబడేకొద్దీ గంజి వదలడం తగ్గేది, బండి బాగుండేది.

అన్న లేచి ట్యాంకు దగ్గరికి పోయాడు. "నేను నాలుగుసార్లు కడిగితినే ట్యాంకు!"

"డీజిలుతో కడిగితే గంజి పోతాదా? వేడినీళ్ళతో కడగాల."

"డీజిలు ట్యాంకులో నీళ్ళా?" అని గుండె పట్టుకున్నాడు. దానికి ఒక పూటంతా వాదన. చివరికి నాలుగు బిందెల వేణ్ణీళ్ళు పోసి కుదిపితే, కిందికి వచ్చింది చూసి ఆయనే నోరు మూసుకున్నాడు. మా అవ్వ పది పడుగులకు సరిపడేంత గంజి. ట్యాంకును నాలుగు రోజులు ఎండలో బోర్లించి, సందు సందూ ఆరబెట్టి బిగించాం, డీజిలు పోసేటప్పుడు గరాటుకు మళ్ళీ నేనే గుడ్డ కట్టాను. రోడ్డు కాగితాల సంగతి అన్నకు వదిలేశాను, ఆఫీసులో పని చేసినవాడికి కాగితాలంటే పండగ.

లారీ ఆగకుండా తిరుత్తణి చేరింది. దారి పొడవునా నేను చెవులు రిక్కించుకుని కూర్చున్నాను, ఒక్క గుటక కూడా మింగలేదు. ఒళ్ళో ఏళుమలై కర్ర. ఊళ్ళోకి దిగగానే మా వీధి వైపు చూశాను. పడుగు సాచే చోట బైకులు నిలబెట్టి ఉన్నాయి. మా పాత ఇంటి ముందు గదిలో అద్దెకు సెల్ఫోన్ల అంగడి. ఎక్కడో ఒక మరమగ్గం మాత్రం మూసిన తలుపుల వెనక రొద పెడుతోంది. చేతి మగ్గం చప్పుడు లేదు, అదిప్పుడు బాగా తెలిసింది.

ఏళుమలై కూతురి ఇంట్లో ఉన్నాడు, వాలు రోడ్డు పక్కనే. ఎనభై దాటినా చూపు బాగానే ఉంది. నన్ను గుర్తుపట్టి, "రా పాప్పా. ఈ పక్క వచ్చి శానా కాలమాయ," అన్నాడు. నేను కర్ర చేతిలో పెట్టి, నిలబడే అంతా చెప్పాను. గుడ్డ సంగతి, గంజి సంగతి, నా అబద్ధం. క్షమించమన్నాను. నా గొంతు నాకే వినపడనంత చిన్నగా వచ్చింది.

ఆయన కర్రను ఆ కొస నుంచి ఈ కొసదాకా తడిమాడు. "నాకు చెప్తే ఏం లాభం? నాకు తెలిసిందే గదా. మీ నాయన నాతో ఇంట్లో చెప్పలేదు పాప్పా. రోడ్లో చెప్పినాడు."

"అయితే ఏం చెయ్యమంటావు మేస్త్రీ?"

"రోడ్లో చెప్పు."

లారీని మునుసామి టీ అంగడి ముందే ఆపి ఉంచాం, ఏళుమలై కర్రతో మా వెంట వచ్చి బెంచీ కొసన కూర్చున్నాడు. అంగడి ఇప్పుడు మనవడిది, గాజు బీరువా, రంగుల డబ్బాలు. బెంచీ మీద ఉన్న కుర్రవాళ్ళు ముక్కు లారీతో ఫోటోలు దిగుతున్నారు. ఆ రోజు బెంచీ మీద ఉన్నవాళ్ళెవరూ లేరు. కావళ్ళ జనం ఎప్పుడో కొండ ఎక్కి దిగి పోయారు. మా నాయన లేడు, అవ్వ లేదు. ఎవరి ముందైతే ఈయన పేరు పోయిందో ఆ జనమే లేరు. ఎవరికి చెప్పను? చిన్న పిల్లగా ఉన్నప్పుడు ఒక్క మాటతో అయిపోయే పనిని, వినేవాళ్ళందరూ పోయేదాకా దాచుకున్నందుకు నన్ను నేను ఎంత తిట్టుకున్నానో.

ఒక్క మనిషి మిగిలాడు. అంగడి మూల ప్లాస్టిక్ కుర్చీలో మునుసామి, తలకు తువ్వాలు చుట్టుకుని. ఆ రోజు అన్నీ విన్న చెవుల్లో మిగిలిన రెండూ అవే, అవీ ఇప్పుడు పని చెయ్యవు.

నేను ఆయన ముందు నిలబడి చెప్పాను. "ఆఁ?" అన్నాడు. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. "ఆఁ? ఏ లారీ?" బడిలో వెనక బెంచీకి వినపడేలా అరిచే గొంతు నాకింకా ఉంది. దాన్ని బయటికి తీశాను.

"ఆ పొద్దు ఇక్కడే మా లారీ నిలబడింది! తప్పు మేస్త్రీది కాదు, మా ఇంటి గుడ్డది! ఉతికి కట్టమని నాతో చెప్పినాడు! నేను తెలీదని అబద్ధం చెప్పినా! మా నాయన అన్న మాటలన్నీ తప్పు!"

ఫోటోలు తీసుకుంటున్న కుర్రవాళ్ళు ఆగిపోయారు. రోడ్డు మీద పూలమ్మే ఆమె ఆగింది. ఆటో ఒకటి ఆగింది. అన్న తల వంచుకున్నాడు. మునుసామి నన్ను చూసి, ఏళుమలైని చూసి, నింపాదిగా తల ఊపి, "నేను అప్పుడే అనుకుంటి," అన్నాడు.

అప్పుడే అనుకున్నాడట! ఇంతకాలం అనుకుంటూ కూర్చున్నాడట! ఆ ముసలాయన్ని తిట్టాలనిపించింది. కానీ ఆయన కంటే నేనేం బాగా చేశానని?

ఏళుమలై లేచి, చొక్కా సర్దుకుని, అందరి మధ్య నుంచి నెమ్మదిగా నడిచి లారీ దగ్గరికి పోయాడు. అన్న ముందే పోయి ఇంజను స్టార్టు చేశాడు. కర్ర ఒక కొస దాని మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత కళ్ళు తెరిచి వాలు రోడ్డు వైపు చూసి, డ్రైవరు పక్క సీటు తలుపు తానే తీసుకుని, ఎక్కబోతూ ఆగి నా వైపు తిరిగాడు.

"గుడ్డ ఉతికినావా పాప్పా?"

"ఉతికినా మేస్త్రీ. మూడుసార్లు ఉతికినా."

"అట్లయితే ఎక్కు. పైదాకా పోదాం."